తెల్లారితే మంగళవారం

నిన్న మా ఆఫీసుకి ఒక పెళ్లి కార్డు వచ్చింది. కింద అప్పడాల దుకాణం వాళ్ల అమ్మాయి పెళ్లి. పసుపు బొట్లు, వినాయకుడు, ఇరువైపుల తాతల పేర్లు అన్నీ మామూలే. ముహూర్తం దగ్గర మాత్రం ఇలా అచ్చు వేశారు: "శుక్రవారం రాత్రి తెల్లవారితే శనివారం ఒంటిగంట నలభై నిమిషాలకు." అది చదివి ఫక్కున నవ్వాను. నవ్వుతూనే కళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది. మా మామయ్య పోయి ఇంకా రెండు నెలలు కాలేదు. "తెల్లవారితే" అన్న ఆ ఒక్క మాట కోసం ఆయన నాతో చేసిన యుద్ధం అంతా ఇంతా కాదు. ఆ మాట మా సైటు ఇచ్చే బస్సు టిక్కెట్టు మీద లేకపోబట్టి సోనేపూర్‌లో ఒక పిల్లకి నర్సింగు సీటు పోయేంత పనైంది.

మామయ్య నాకు చుట్టం కాదు. మా సాఫ్ట్‌వేర్ దుకాణం యజమానికి మేనమామ. యజమాని పిలిచే పిలుపే ఆఫీసంతటికీ అంటుకుంది. ఆఫీసంతా అంటే మరీ పెద్దగా ఊహించుకోకండి. యజమాని, నేను, మామయ్య. ఒడిశా బరంపురంలో అప్పడాల దుకాణం మేడ మీద రెండు గదులు. ఎండాకాలంలో డాబా నిండా అప్పడాలు ఆరేస్తారు కాబట్టి, ఇంటర్నెట్ పోతే దాన్ని సరిచేయడానికి పైకి వచ్చిన మనిషి కాలు ఎక్కడ పెట్టాలో తెలియక మెట్ల దగ్గరే నిలబడిపోతాడు.

ఆయన రైల్వే స్టేషన్లో ఎంక్వైరీ కిటికీ వెనక కూర్చుని రిటైరైన మనిషి. తెలుగు, ఒడియా, హిందీ, ఇంగ్లీషు, నాలుగు భాషల్లోనూ "లేటు" అని చెప్పగలరు. రిటైరయ్యాక ఇంట్లో అత్తయ్యని ఎంక్వైరీలతో వేపుకు తింటుంటే, ఆవిడ మేనల్లుడికి ఫోన్ చేసి, "బాబూ, మీ మావయ్యని కొన్నాళ్లు నువ్వు ఉంచుకో. నాకు సెవులు పోతన్నాయి" అందట. అలా ఆయన మాకు టెస్టర్ అయ్యారు. అంటే నేను తయారుచేసిన సైటుని వాడి చూసి, అందులో తప్పులు పట్టి, మా కంప్యూటర్లో ఫిర్యాదుగా ఎక్కించాలి. తప్పులు పట్టడం ఆయనకి ఎవరూ కొత్తగా నేర్పాల్సిన విద్య కాదు.

తెర మీద తేదీ కనబడితే చాలు, ఎడమ చెవి మీద చెయ్యి పెట్టి, గొంతు సవరించుకుని, "దయచేసి వినండి" అని మొదలెట్టి పైకి చదివేవారు. కింద అప్పడాలు కొంటున్నవాళ్లు తలెత్తి చూసేవాళ్లు. తెర మీద చూసింది ఆయనకి చాలదు, కాగితం మీద ప్రింటు తీయాలి. "తెర మీదది ఇప్పుడుంటాది, మరి కాసేపటికి మారిపోద్ది. కాయితం మారదు" అనేవారు. ఏయెమ్ము, పీయెమ్ము అంటే ఒళ్లు మంట. "అవి మన అచ్చరాలు కావు, మన పొద్దులు కావు" అని తీర్మానం.

అంత నమ్మకంగా చెప్పే మనిషి సరిగ్గా చెబుతారనుకుంటే పొరపాటే. ఒకసారి సెప్టెంబరు ముప్పై ఒకటిన టిక్కెట్టు తీయబోతే సైటు ఒప్పుకోలేదని నా మీద ఫిర్యాదు ఎక్కించారు. సెప్టెంబరుకి ముప్పయ్యే అన్నాను. ఆయన పిడికిలి బిగించి, వేలి ఎముకల మీద నెలలు లెక్కపెట్టి చూపించారు. జనవరిని ఎముక మీద కాక పక్కన పల్లంలో మొదలెట్టారు. గోడ మీది క్యాలెండర్ తెచ్చి ముందు పెట్టాను.

"అది అప్పడాలోలు పంచిపెట్టిన కేలండరే పాపా. దాన్ని పట్టుకుని నాకు సెప్తావేటి?" అన్నారు.

ఆయన దగ్గర "రేపు" అన్న మాట అనకూడదు. అంటే ఊరుకోరు, "వారం సెప్పు" అంటారు. ఇంట్లో అత్తయ్య "రేపు వంకాయ వండుతాను" అంటే, "వారం సెప్పు" అని అక్కడా అదే పాట. ఈ పిచ్చికి కారణం ఉంది. ఒడియాలో "కాలి" అంటే నిన్నా అదే, రేపూ అదే. మాట సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి. ఎంక్వైరీ కిటికీ దగ్గరికి వచ్చి "కాలి బండి" అంటే అది వెళ్లిపోయిన బండో, రావాల్సిన బండో తేల్చుకోవడంలోనే తన వయసంతా అయిపోయిందని ఆయన బాధ. నేనేమో బస్సు సైటులో తేదీలు ముచ్చటగా ఉండాలని, తేదీకి బదులు తెలుగులో "నిన్న, ఇవాళ, రేపు" అని, ఒడియాలో "కాలి, ఆజి, కాలి" అని పెట్టాను. ఒడియా పదాలు డిక్షనరీ చూసే పెట్టాను, తప్పేం లేదు. మర్నాడు మామయ్య కుర్చీలో వెనక్కి వాలి, పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు.

"నిన్న ఎల్లిపోయిన బస్సుకి రేపు టిక్కెట్టు అమ్ముతావేటే? పైగా పక్కనే సీట్లు ఖాళీ అట! కాలి కాలి, ఖాళీ ఖాళీ!"

ఆ సాయంత్రమే ముచ్చటలన్నీ పీకేసి వారాలూ తేదీలూ పెట్టాను.

ఆ బస్సు గురించి చెప్పాలి. బరంపురం నుంచి విశాఖపట్నానికి రాత్రి పన్నెండున్నరకి బయల్దేరే బస్సు. దాని యజమాని సైటే మా దుకాణానికి ముఖ్యమైన పని. ఆయన తెలుగూ ఒడియా కలిపి తిట్టగలడు. సైటు మొదలుపెట్టిన వారానికే మెట్లెక్కి వచ్చాడు.

"కొణ హెలా అమ్మా, ఏటైంది? సాయంత్రం ఏడింటికే జనం నా ఆఫీసు ముందర వచ్చి కూకుంటన్నారు. టిక్కెట్టు మీద ఏడని ఉన్నాదట! బస్సు పన్నెండున్నరకి. ఐదున్నర గంటలు నన్నే సూస్తా కూకుంటన్నారు!"

విషయం నాకు వెంటనే అర్థమైంది. డేటాబేసులో టైమంతా లండన్ వైపు లెక్కలో దాస్తాం. బయటికి తీసి చూపించేటప్పుడు మన ఐదున్నర గంటలు కలపాలి. దాచేటప్పుడు సరిగ్గానే దాచాను, చూపించేటప్పుడు కలపడం ఒక చోట జారిపోయింది. సోమవారం అర్ధరాత్రి దాటి తేదీ మంగళవారానికి మారాక బయల్దేరే బస్సు కాస్తా సోమవారం సాయంత్రం ఏడు అని కనబడుతోంది. ఇదంతా మామయ్యకి విడమరిచి చెప్పాను.

ఆయన చాలా శ్రద్ధగా విని, "బస్సు మనూర్లోది. డ్రైవరు మనూరోడు. ఎక్కీవోలు మనోలు. మద్దిలో లండనెందుకే?" అన్నారు.

"అన్ని దేశాలకీ ఒకే లెక్క ఉండాలి కదా మామయ్యా."

"మన బస్సు ఇచ్చాపురం దాటితేనే గొప్ప. అన్ని దేశాలూ ఎందుకెల్తాది?"

ప్రోగ్రాములో ఒక్క వరుస సరిచేశాను. టిక్కెట్టు మీద "మంగళవారం, 12:30 ఏఎం" అని శుభ్రంగా వచ్చింది. నా వీపు నేనే తట్టుకున్నాను. నాలుగు రోజులకి బస్సు యజమాని మళ్లీ మెట్లెక్కాడు. ఈసారి ఒడియా ఎక్కువ, తెలుగు తక్కువ. ముందు జనం తొందరగా వచ్చి కూర్చునేవారు గాని ఒక్కరూ బస్సు తప్పలేదట. ఇప్పుడు మంగళవారం టిక్కెట్టు అని మంగళవారం పగలంతా పనులు చూసుకుని, భోంచేసి, రాత్రి తీరిగ్గా వస్తున్నారు. వాళ్ల బస్సు ముందు రోజు రాత్రే వెళ్లిపోయి ఉంటోంది. ఇంకొకసారి ఇలా అయితే సైటు మూసేసి పాత పద్ధతిలో చీటీలు రాసుకుంటానని చెప్పి దిగిపోయాడు.

మామయ్య నా వైపు జాలిగా చూసి, "నువ్వు సరిసేసినదాని కన్నా నీ తప్పే బాగుండీది. టైము తప్పయినా వారం రైటు" అన్నారు.

నాకు తిక్కరేగింది. తేదీ అర్ధరాత్రికే మారుతుంది, ప్రపంచమంతా అంతే, జనానికి తెలియకపోతే నేనేం చేయను అన్నాను. ఆయనకీ తిక్కరేగింది.

"పెపంచం సంగతి నాకెందుకే? మనోలకి తెల్లారితేనే వారం మారతాది. దానికి మనకి మాటున్నాది గదా. సోమవారం రాత్రి, తెల్లారితే మంగళవారం. మంచీ సెడూ అన్నింటికీ అలగే సెప్పుకుంటాం. టిక్కెట్టు మీద అలగే ఎయ్యి."

కంప్యూటర్లో తేదీని చూపించే తీరులు లెక్కలేనన్ని సిద్ధంగా దొరుకుతాయి. ఏ దేశం తీరు కావాలంటే ఆ దేశం తీరు. వాటిలో తెల్లారితే అన్నది ఎక్కడా లేదు. అదే చెప్పాను. "లేకపోతే నువ్వెందుకున్నావు?" అని ఆయన జవాబు. రెండు రోజులు గదిలో ఇదే రగడ. ఎన్నింటి లోపు బస్సులకి ఆ మాట వేయాలి, అంటే తెల్లవారడం ఎన్నింటికి అని ఇంకో రగడ. మూడింటికని మామయ్య, ఐదింటికని నేను. చివరికి మా యజమాని చెవులు మూసుకుని నాలుగు అని తీర్పు చెప్పాడు. ఒడియాలో ఎలా అని బస్సు యజమానిని అడిగితే ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "సోమబార రాతి, పాహిలే మంగళబార" అన్నాడు. వాళ్లమ్మ అలాగే అనేదని కూడా అన్నాడు. కోపం తగ్గినట్టే కనిపించింది.

ఆ మాట పెట్టాక మామయ్యకి ఆశ పెరిగింది. ఆ కంపెనీవే మధ్యాహ్నం బస్సులకి కూడా "తెల్లారితే" వేయమన్నారు. రాత్రి గడవకుండా మధ్యాహ్నం ఎలా వస్తాదని వాదన. అక్కడ మాత్రం నేను లొంగలేదు.

సోమవారం పొద్దున్నే ఆయన్ని కొత్త పురుగు తొలిచింది.

"కొత్తగా కొన్నోలకి సరే. ఇంతకు ముందే కొన్నోల ఫోన్లలో పాత ముక్కే ఉంటాది గదా. ఈ రేత్రి బస్సుకి ఎవులెవులున్నారు?"

నేను పేర్లు తీసిచ్చాను. ఆయన చెవి మీద చెయ్యి పెట్టి, "దయచేసి వినండి" అని ఒక్కొక్కరికీ ఫోన్ చేశారు. కొందరు ఏదో మోసం ఫోననుకుని పెట్టేశారు, వాళ్లకి మళ్లీ చేశారు. అందరూ దొరికారు గాని ఒక్క నంబరు మోగలేదు. సముద్రం ఒడ్డు సోనేపూర్ నుంచి ఇద్దరు, తల్లీ కూతురూ. ఫోన్ ఆపేసి ఉంది. మధ్యాహ్నం దాకా చూసి ఆయన లేచి నిలబడి, "నీ స్కూటరు తీయే" అన్నారు.

సోనేపూర్‌లో ఆ ఇల్లు దొరకడం కష్టం కాలేదు. ఇంటి ముందు ఇసకలో వల పరిచి, ఒకావిడ ఎండు చేపలు తిరగేస్తోంది.

"బస్సు ఎప్పుడు సెల్లెమ్మా మీకు?" అన్నారు మామయ్య.

"మంగలారం రేత్రి పన్నెండున్నరకి. ఎవులు బావు మీరు?"

"బస్సోలం. మీ బస్సు మంగళారం రేత్రి కాదమ్మా. సోమారం రేత్రి. ఈ రేత్రే."

"ఫోన్ల మంగలారం అని ఉన్నాది గదా. ఫోను అబద్దమాడతాదేటి?"

"అబద్దం కాదు. సోమారం రేత్రి, తెల్లారితే మంగళారం."

"మరదే గదా నాననీది! మంగలారం!"

ఇద్దరూ ఒకే మాట మీద నిలబడి పోట్లాడుకుంటుంటే, లోపల్నుంచి కూతురు ఫోన్ పట్టుకుని వచ్చింది. చార్జింగు అయిపోయి ఆగిపోయిందట. టిక్కెట్టు తీసి నాకు చూపించింది. పన్నెండున్నర పక్కన ఉన్న ఏఎం గురించి చెప్పాను. పిల్ల టిక్కెట్టు మళ్లీ చదువుకుంది.

బుధవారం పొద్దున్న పదింటికి విశాఖపట్నంలో నర్సింగు కాలేజీకి రమ్మన్నారు. ఆ పూట కనబడకపోతే సీటు తర్వాత పిల్లకి ఇచ్చేస్తారు. మంగళవారం రాత్రి బస్సెక్కితే బుధవారం పొద్దున్న దిగొచ్చని లెక్కేసుకున్నారు. ఈ రాత్రే వెళ్లిపోదామంటే బడి సర్టిఫికెట్టు చేతిలో లేదు.

"హెడ్మాస్టరు రేపు గాని ఇవ్వనన్నాడు" అంది తల్లి.

"వారం సెప్పు" అన్నారు మామయ్య, అలవాటు కొద్దీ.

"మంగలారం బావూ, మంగలారం!" అని ఆవిడ చేతిలో చేప విసిరి కొట్టి, ఇసకలో కూలబడింది. "నా గుంట సీటు గాని పోతే, సూడు, మీ బస్సుకి అడ్డంగా తొంగుంటాను."

నేను బస్సు యజమానికి ఫోన్ చేశాను. మంగళవారం రాత్రి బస్సులో ఒక్క సీటూ లేదు, డ్రైవరు పక్కన కూడా ఇచ్చేశాం అన్నాడు. పిల్ల ఏడవడం లేదు, ఫోన్‌నే చూస్తోంది.  

మామయ్య జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశారు. మంగళవారం రాత్రి బస్సుకి ఆయనవీ అత్తయ్యవీ రెండు టిక్కెట్లు. ప్రింటు తీసి జేబులో పెట్టుకుని తిరుగుతున్నారు. బుధవారం పదింటికి ఆయనకి కంటి ఆపరేషను. శుక్లాలు. నెలల తరబడి తిరిగితే దొరికిన వంతు.

"మీరు మా టిక్కెట్ల మీద ఎల్లండి. మేం మీ వాటి మీద ఈ రేత్రి ఎల్తాం. ఒక్కరోజు ముందెల్తే ఆస్పత్రోడు కొడతాడేటి?" అని, అక్కడే అత్తయ్యకి ఫోన్ కొట్టారు. "బట్టలు సద్దు. బస్సు ఈ రేత్రే."

ఫోన్ చెవికి దూరంగా పెట్టుకున్నా ఆవిడ గొంతు మా అందరికీ వినిపించింది.

"వారం రోజుల్నించి మంగళారం రేత్రి, తెల్లారితే బుదారం అని నన్ను తినీసినావు గదా! ఇప్పుడు సోమారం అంతన్నావేటి? వారం మీద నిలబడు ముందు!"

ఆ తర్వాతి సంగతి బుధవారం మధ్యాహ్నం ఆ పిల్ల ఫోన్ చేసి చెప్పింది. దారిలో టైరు పేలి బస్సు బాగా ఆలస్యమైంది. విశాఖపట్నంలో దిగేసరికి మామయ్య రోడ్డు పక్క నిలబడి ఉన్నారట. వెలుగు రాకముందు నుంచీ నిలబడే ఉన్నారని అత్తయ్య తర్వాత చెప్పింది. మంగళవారం పగలంతా పనిలేక కాలేజీకి దారి కనుక్కుని వచ్చారట. వాళ్లు దిగగానే, "ఇంత లేటా? కారణం ఏటి?" అని, టైరు వీళ్లే పేల్చినట్టు తిట్టారట. ఆటో ఎక్కించారు. ఆటోవాడికి గేటు తెలియదని తెలిసి తనూ ఎక్కారు. పది కొట్టేలోగా పిల్లని లోపలికి పంపించారు. సీటు వచ్చింది.

కంటి ఆస్పత్రి ఊరికి ఆ చివర. ఈయన చేరేసరికి ఈయన వంతు దాటిపోయింది. మళ్లీ వంతు ఆరు నెలల తర్వాత ఇచ్చారు.

గురువారం ఆఫీసుకి వస్తే, "ఎందుకలా చేశారు మామయ్యా?" అని కోప్పడ్డాను.

"కన్ను ఎక్కడికీ పోదే. సీటు పోద్ది" అన్నారు. అని, ఆయనకి అసలు కోపం వచ్చిన సంగతి మొదలెట్టారు. "ఆస్పత్రి కిటికీలో కుర్రోడు కొత్త తేదీ చీటీ మీద రాసిచ్చినాడు. మూడో, ఎనిమిదో నాకు కనబడనేదు. ఏటి బాబూ అని అడిగితే, తలెత్తకుండా, 'రాసుంది గదా, సూసుకో' అన్నాడు. ఉద్యోగమంతా నానన్న మాటే అది! ఎంత సెడ్డ మాటో అటేపు నిలబడితేగాని తెల్దు."

ఆ ఆరు నెలలూ ఆయన ఎక్కించిన ఫిర్యాదులన్నీ ఒకటే రకం. మూడో తేదీ బస్సుని ఎనిమిదో తేదీ అని చూపిస్తోందని, ఎనిమిదిని మూడని చూపిస్తోందని. ఇంకొకరైతే నా నోట్లో పడేవాళ్లు. ఆయన్ని నేను ఒక్క మాట అనలేదు. టిక్కెట్టు మీద తేదీ అక్షరాలు కొంచెం పెంచాను. వారం ఆగి ఇంకొంచెం పెంచాను. ఆయన ముక్కు తెరకి ఆనించకుండా చదవగలిగేదాకా పెంచుకుంటూ పోయాను.

"ఇప్పుడు కుదిరింది. పాసింజర్లకి బాగా కనబడతాది" అన్నారు ఒకరోజు.

బస్సు యజమాని మాత్రం ఊరుకోలేదు. "నా కంపెనీ పేరు చీమంత, తేదీ ఏనుగంత! ఏటమ్మా ఇది?" అన్నాడు. సోనేపూర్ పిల్ల సంగతి, ఈయన కంటి సంగతి చెప్పాను. మళ్లీ అడగలేదు.

చివరికి ఆపరేషను అయింది. నల్లద్దాలు తీసిన రోజున మామయ్య కుర్చీలో కూర్చుని, తెర చూసి, మొహం చిట్లించారు.

"ఏటే ఇది? ఇంత లావు అచ్చరాలేటి? అసయ్యంగా ఉన్నాది. ఎవుడు సెప్పినాడు నీకు? తగ్గించు."

తగ్గించను అన్నాను. ఆయన నా కళ్ల ముందే ఫిర్యాదు ఎక్కించారు: "తేదీ మరీ పెద్దదిగా ఉన్నది. వెంటనే సరిచేయవలెను." తర్వాత పోయేదాకా, ఆఫీసుకి వచ్చిన ప్రతిరోజూ నన్ను అడిగారు, ప్రతిరోజూ నేను లేదన్నాను. ఇద్దరికీ అదొక సరదా అయింది.

మొన్న యజమాని పాత ఫిర్యాదులన్నీ సరిచూసి మూసేస్తూ, "మామయ్యదొకటి మిగిలిపోయింది. చిన్న పనే గదా, తగ్గించేద్దామా?" అన్నాడు.

"వద్దు, తెరిచే ఉండనీ" అన్నాను. మామయ్య సరిగ్గా పట్టిన తప్పుల్లో నేను దిద్దనిది అదొక్కటే.